హోల్గర్ పంపిన ఏడో లింకు

హోల్గర్ బిస్‌గార్ అంటే నాకు పడదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చివర్లో నా గొంతు కాస్త మెత్తబడినట్టు ఎవరికైనా అనిపిస్తే అది జలుబు వల్ల అనుకోండి.

వాడూ నేనూ నోర్‌హావ్న్ బడిలో ఒకే తరగతి. అది రేవు ఊరు. ఉన్నది ఒక్కటే బడి, తప్పించుకునే దారి లేదు. వాడు రోజూ పొద్దున్నే ఒడ్డంతా గాలించి ఏదో ఒకటి జేబులో వేసుకొచ్చేవాడు. పీత డిప్ప, సీసా బిరడా, తోక తెగిన చేప. ప్రార్థన జరుగుతుండగా నా మోచేతిని పొడిచి "చూడు, గుడ్రున్, చూడు" అనేవాడు. చూడకపోతే వదలడు. చూస్తే కంపు. అరవై ఏడేళ్ళు వచ్చినా అదే బుద్ధి. అప్పుడు జేబులో ఉండేది ఇప్పుడు ఫోనులో ఉంటుంది, అంతే తేడా.

ముప్ఫై ఏళ్ళు మా జిల్లా పత్రికలో అక్షరాలు కూర్చాడు. ఒక్క వార్త కూడా సొంతంగా రాయలేదు, ఇంకొకళ్ళు రాసింది పేజీలో చక్కగా సర్దడమే వాడి పని. పదమూడేళ్ళ కిందట ఆ పత్రిక మూతపడింది. తోటివాళ్ళంతా తాగుడుకో తోటపనికో అలవాటు పడితే, వీడు ఆ తర్వాతి శుక్రవారం పదకొండు మందికి ఒక ఈమెయిలు పంపాడు. అందులో ఏడు లింకులు. ప్రపంచంలో ఎవరో ఎక్కడో చేసి, ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరూ చూడక పడి ఉన్నవి. లిథువేనియాలో తుప్పు పట్టిన తాళాలకు మళ్ళీ చెవులు చేసే కమ్మరి వీడియో. నార్వే దీపస్తంభాల పొగమంచు కూతలన్నీ పోగేసి వినిపించే సైటు. చచ్చిపోయిన అమ్మమ్మల గజిబిజి చేతిరాతని చదివిపెట్టే కొత్త ప్రోగ్రాము. ఒక్కోదానికి ఒక్క వాక్యం, దాని కింద చిన్న అక్షరాల్లో అది ఎవరి ద్వారా తనకు తెలిసిందో వాళ్ళ పేరు. ఆ పేరు వాడికి ప్రాణం. పేరు చెప్పకుండా పంచిపెడితే అది దొంగసొత్తు అంటాడు.

పదకొండు మంది కాస్తా తొమ్మిది వేల మంది అయ్యారు. పైసా తీసుకోడు, ప్రకటనలు వెయ్యడు. జాబితా మొదలైన ఆరో ఏట వాడి పెళ్ళాం బెనెడిక్టె సంచి సర్దుకుని ఓడెన్సెలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయింది. "ఆయనతో మాట్లాడాలంటే నేను కూడా లింకు పంపుకోవాల్సి వస్తోంది" అని బేకరీలో అందరి ముందూ అనేసి మరీ వెళ్ళింది. అప్పుడు నేను పగలబడి నవ్వాను.

ఇక నా గొడవకి వస్తాను. నేను చేపల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు హెర్రింగులు కోశాను. అది మూశాక రేవులో పడవలకి ఐస్ ఇచ్చే కొట్టులో పనిచేశాను. కత్తి పట్టానంటే నిమిషానికి తొమ్మిది చేపలు, ముల్లు ఒకవైపు, కండ ఒకవైపు. ఒక ఏడాది హెర్రింగ్ పండగలో పోటీ పెడితే, రబ్బరు ఏప్రన్ కట్టుకుని, జుట్టు నెత్తి మీద ముడేసుకుని, చొక్కా నిండా పొలుసులతో గెలిచాను. హోల్గర్‌గాడు అదంతా ఫోనులో తీసి తన శుక్రవారం జాబితాలో పెట్టాడు. నన్ను అడిగాడా? అడగలేదు. వారం తిరిగేసరికి మూడు లక్షల మంది చూశారు. ఎవడో దానికి డప్పుల మోత తగిలించాడు. జపాన్ నుంచి ఒక వంటవాడు నా కత్తి ఏ కంపెనీదని ఉత్తరం రాశాడు. కొట్టులో పిల్లలు నన్ను చూడగానే గాల్లో చేతులు ఆడించి "కత్తి అవ్వ" అనడం మొదలుపెట్టారు. అప్పటికి నాకు యాభై ఆరేళ్ళు, అవ్వని కూడా కాదు.

వాడి తలుపు విరిగిపోయేలా బాదాను. మర్నాడు వాడు బేకరీ నుంచి క్రీము కేకు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పయిపోయింది, గుడ్రున్. నీ చేతులు అంత బాగా ఆడుతుంటే లోకం చూడాలనిపించింది."

"లోకం చూసింది. ఇప్పుడు నేను కూరగాయల కొట్టుకి ఎట్లా వెళ్ళాలో చెప్పు."

"ఇకమీదట ఏదైనా సరే, దాని సొంతదారుని అడగకుండా పెట్టను. ఒట్టు."

కేకు ఒడ్డు మీద పక్షులకి వేశాను. కానీ వాడు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. ఆ తర్వాత వాడు అనుమతి అడుగుతూ రాసే ఉత్తరాల గురించి ఊరంతా వేళాకోళం ఆడేది.

మా ఇంట్లో మాత్రం ఆ వీడియో చూసి మురిసిపోయిన మనిషి ఒకడున్నాడు. మా తమ్ముడు ఐగిల్. "తొమ్మిది, అక్కా! గడియారం పెట్టి చూశాను, సరిగ్గా తొమ్మిది!" అని పడవలో రేడియోలో పక్క పడవలవాళ్ళకి కూడా చెప్పుకున్నాడు. వాడు నాకంటే ఏడేళ్ళు చిన్న. 'ఆస్ట' అనే నీలం రంగు పడవకి కెప్టెన్. ముప్ఫై ఏళ్ళు ఆ పడవ మీదే బతికాడు.

మూడేళ్ళ కిందట వాడికి నరాల జబ్బు వచ్చింది. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. పడవని కెల్డ్‌కి అమ్మేశాడు. నేను నా ఇల్లు ఖాళీ చేసి వాడింటికి వచ్చేశాను. ఇప్పుడు గొట్టంలోంచి తిండి, ఇంకో గొట్టంలోంచి గాలి. కళ్ళు మాత్రం పనిచేస్తాయి. మున్సిపాలిటీవాళ్ళు ఒక యంత్రం ఇచ్చారు, తెర మీద అక్షరాల్ని కంటితో చూస్తే అవి మాటలవుతాయి. చదివి కూడా వినిపిస్తుంది, కానీ దాని గొంతు కోపెన్‌హాగన్ పెద్దమనిషి యాసలో ఉంటుంది. ఐగిల్ మొదటి రోజే "ఈ వెధవని నోరు మూసుకోమను" అని టైపు చేశాడు. ఆ గొంతే దాన్ని పైకి చదివింది. నేను నవ్వలేక చచ్చాను. అప్పటి నుంచి శబ్దం కట్టేసి, రాసింది చదువుకుంటున్నాం.

మంచాన పడ్డ మొదటి వారమే వాడు ఒక మాట చెప్పాడు. "ఎవర్నీ లోపలికి రానివ్వొద్దు. నేను పడవ మీద నిలబడి ఉన్నట్టే వాళ్ళకి గుర్తుండాలి, ఇట్లా కాదు." నేను ఆ మాటని కాపలా కుక్కలా కాచాను. కెల్డ్‌ని గుమ్మంలోంచే పంపేశాను. చర్చి పాదిరీని కూడా పంపేశాను. హోల్గర్ రెండుసార్లు వచ్చాడు, వాడి మొహం మీదే తలుపు వేసే భాగ్యం రెండుసార్లు దక్కింది నాకు.

వాడి గది కిటికీలోంచి పక్కింటి చెత్త డబ్బాలు తప్ప ఏమీ కనబడవు. ముప్ఫై ఏళ్ళు సముద్రం చూసినవాడు చెత్త డబ్బాలు చూస్తూ చచ్చిపోవాలా? ఐస్ కొట్టు పై అంతస్తు తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ కిటికీలోంచి రేవంతా కనబడుతుంది. ఒక చిన్న కెమెరా, అగ్గిపెట్టెకి అన్నలాంటి ఒక కంప్యూటరు పెట్టె కొన్నాం. దాంట్లో ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఏం నొక్కాలో వాడు కంటితో ఒక్కో అక్షరం చెప్పడం, నేను కాగితం మీద రాసుకుని కొట్టుకి పరిగెత్తడం, అది పనిచెయ్యకపోతే మళ్ళీ రావడం. మూడు రోజులు కుస్తీ పట్టాం. నాలుగో రోజు తెర మీద రేవు కనబడింది. పడవలు, ఐస్ గొట్టం, గట్టు మీద పక్షులు. మూలన చిన్న అంకె: చూస్తున్నవారు, ఒకరు. "దీన్ని ఆపాల్సి వస్తే నెమ్మదిగా ఆపు, తీగ గుంజకు, లోపలంతా పాడైపోతుంది" అని వాడు నాకు జాగ్రత్త చెప్పాడు. ఆ పేజీ చిరునామా మా ఇద్దరికే తెలుసు. రెండేళ్ళు ఆ అంకె ఒకటి దగ్గరే ఉంది. నేను కొట్టుకి వెళ్ళి నా ఫోనులో తెరిస్తే రెండు అయ్యేది.

ఆ శుక్రవారం నేను బట్టలు ఆరేసి గదిలోకి వచ్చేసరికి తెర మీద బొమ్మ గడ్డకట్టినట్టు ఆగిపోయి ఉంది. ఒక పక్షి గాల్లోనే ఉండిపోయింది. మూలన అంకె నాలుగు వేల రెండు వందల పన్నెండు. ఐగిల్ ఆ అంకెనే చూస్తున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. వాడి మొహంలో కండరాలు ఆడవు, అందుకని అది ఏ రకం కన్నీరో తెలియదు. నేను ఏడుపే అనుకున్నాను.

"ఎవర్రా ఇది చేసింది?" అన్నాను.

వాడు చాలాసేపు పట్టి ఒకే ఒక మాట రాశాడు. "వదిలెయ్."

పాపం, విసిగిపోయి అంటున్నాడనుకున్నాను. ఫోను తీసి హోల్గర్ శుక్రవారం జాబితా వెతికాను. ఏడో లింకు. 'రేవులో ఒక కిటికీ. పడవలు వస్తాయి, పోతాయి. ఇంకేమీ జరగదు. ఒకసారి చూసి రండి.' కింద ఎవరి పేరూ లేదు. పదమూడేళ్ళలో మొదటిసారి ఆ చిన్న అక్షరాల చోటు ఖాళీగా ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

మర్నాడు పొద్దున్నే బేకరీలో దొరికాడు.

"ఏరా హోల్గర్! ఒట్టు వేసిన నోటితోనే బన్ను తింటున్నావా?"

"ఏంటే పొద్దున్నే?"

"ఏంటే అంటావా? ఆ కెమెరా ఎవరిదనుకున్నావ్? మీ తాతదా?"

"అడిగే పెట్టాను, గుడ్రున్."

"ఎవర్నడిగావ్? గట్టు మీద పిట్టల్నా? ఐస్ కొట్టు తాళంచెవి నాది. మేకు కొట్టి బిగించింది నేను. నన్నడిగావా?"

వాడు కొరికిన బన్ను తిరిగి సంచిలో పెట్టాడు. బేకరీ డోర్తె గల్లాపెట్టె వెనక నుంచి తొంగి చూసింది. "అవును హోల్గర్, నేనూ చూశాను. కింద పేరు లేదేంటి? ఎవరి ద్వారా వచ్చింది?"

"ఈసారికి పేరు లేదు," అన్నాడు వాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పేరు చెప్పకపోతే దొంగసొత్తని ఎవరో అనేవారే? ఎవరబ్బా ఆ మహానుభావుడు?" అన్నాను నేను. వాడు బన్నుల సంచి బల్ల మీదే వదిలేసి బయటికి పోయాడు.

అంతటితో ఊరుకున్నానా? లేదు. బుధవారం రేవు హాల్లో ఊరంతా కలిసి భోంచేస్తాం. ఆ వారం మాంసం ఉండలు, ఆలుగడ్డలు. నేను గరిట పట్టుకునే నిలబడి, హోల్గర్ బిస్‌గార్ మాట తప్పాడు, మంచాన ఉన్న మనిషి కిటికీని దొంగిలించి లోకానికి పంచిపెట్టాడు అని అందరికీ వినబడేలా చెప్పాను. వాడి పక్క కుర్చీలవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి ఇంకో బల్లకి మారారు. వాడు ఒక్కడే కూర్చుని పళ్ళెం ఖాళీ చేశాడు. ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అనకపోవడం చూసి నేరం ఒప్పుకున్నట్టే అనుకున్నాను. నాకు ఆ పూట భోజనం చాలా రుచిగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఈలోగా గట్టు మీదకి జనం రావడం మొదలైంది. ఆర్‌హుస్ నుంచి ఒక జంట వచ్చి కెమెరా ముందు గంతులు వేసి వెళ్ళారు. ఎవడో తన కుక్కకి టోపీ పెట్టి నిలబెట్టాడు. ఇంకొకతె అట్టముక్క మీద అమ్మకి కబురు రాసి ఊపింది. నేను పైనుంచి ఒక పార ఐస్ వాళ్ళ నెత్తిన కుమ్మరించాను. అది కూడా కెమెరాలో పడిందట, దానికి చప్పట్లు కొట్టారట. ఎలా కాలదు మనిషికి?

మంగళవారం నుంచి తెర మీద బొమ్మ మళ్ళీ సాఫీగా ఆడుతోంది. జనానికి మోజు తీరి ఉంటుందనుకున్నాను. మూలన అంకె పదిహేను వేలకి పైనే ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ఆ శనివారం ఐగిల్‌కి అరవై ఏళ్ళు నిండుతాయి. మా దగ్గర సున్నాతో వచ్చే పుట్టినరోజంటే మాటలు కాదు. తెల్లారకముందే ఊరివాళ్ళు కిటికీ కిందకి చేరి పాడతారు, తర్వాత లోపలికి వచ్చి బన్నులు, కాఫీ, ఒక చుక్క మందు. ఏం చేద్దామని వాడిని అడిగాను.

"పాట వద్దు. మనుషులు రావద్దు. పది గంటలకి నన్ను తెర వైపు తిప్పు. చాలు."

"అరవై ఏళ్ళ పండగకి అదొక్కటేనా?"

"చాలు."

కెమెరా ఒక్కటీ చక్కగా నడిస్తే చాలని కోరుకునే మనిషి, దాన్ని సర్కసు చేసిన ఆ హోల్గర్ వెధవ. రెండూ పక్కపక్కన పెట్టి తలుచుకుంటే నా రక్తం ఉడికిపోయింది.

శనివారం సహాయకురాలు సిసెల్ వచ్చి ఐగిల్‌ని శుభ్రం చేసి తెర వైపు తిప్పింది. మా ఇద్దరికీ బన్నులు తెద్దామని నేను బయల్దేరాను. బేకరీ సందులోంచి గట్టు మీదకి వచ్చేసరికి ఎదురుగా వీపులే వీపులు. అరవై మంది దాకా ఉన్నారు. అందరూ ఐస్ కొట్టు వైపు, నా కెమెరా వైపు మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. ఊరి పడవలు తొమ్మిదీ వరసగా వచ్చి ఆగాయి, 'ఆస్ట' మధ్యలో. ప్రతి పడవకీ కొస నుంచి కొసదాకా జెండాలు. నలుగురు ఒక పొడుగాటి గుడ్డని ఎత్తి పట్టుకున్నారు, దాని వెనక వైపే నాకు కనబడింది. ముందు వరసలో హోల్గర్, చేతిలో మైకు.

మావాళ్ళు పిల్లి పుట్టినరోజుకి కూడా జెండా ఎగరేస్తారు. మాంసం కొట్టువాడు ధర తగ్గిస్తే జెండా ఎగరేస్తాడు. అందుకని ఆ జెండాలు చూసి నాకు వేరే ఆలోచనే రాలేదు. ఆ తొమ్మిది వేలమంది కోసం వీడు తిరునాళ్ళు పెట్టాడు, అదీ ఐగిల్ ప్రశాంతంగా ఒక్క పూట చూసుకుందామన్న రోజున, అనుకున్నాను. ఎవర్నైనా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. డోర్తె అక్కడే ఉంది. నన్ను చూసి "గుడ్రున్, ఆగు" అని కూడా అంది. నేనెందుకు ఆగుతాను?

ఐస్ కొట్టు వెనక మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. నా మోకాళ్ళతో! తాళం తీశాను. గడియారం పది కొట్టడం వినబడింది. తీగ చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పెట్టె గోడ నుంచి ఊడి నేల మీద పడింది. తర్వాత, వాడి మొహం ఎలా మాడిందో చూద్దామని కిటికీలోంచి కిందకి చూశాను.

గుడ్డ మీద ఇంతింత అక్షరాలు. ఐగిల్, నీకు అరవై.

వాళ్ళు పాడుతున్నారు. అదే పుట్టినరోజు పాట, కిటికీ కింద పాడేది. కెల్డ్ పడవ కూత వేశాడు. మిగతా ఎనిమిదీ దానికి బదులు వేశాయి. హోల్గర్ ఫోను చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు, తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నా చేతికి తీగ ఇంకా చుట్టుకునే ఉంది.

తీగ మళ్ళీ పెట్టాను. ఏమీ వెలగలేదు. ఊదాను, కొట్టాను, దాన్ని బతిమాలాను కూడా. నా వెనకే హోల్గర్ పైకి వచ్చాడు, ఇద్దరం ఒక గంట దానితో పెనుగులాడాం. గాలి మారుతోంది, పడవలు ఇక ఆగలేవు. పదకొండున్నరకి ఒక్కొక్కటే జెండాలు దించి సముద్రంలోకి వెళ్ళిపోయాయి. సోమవారం గానీ తిరిగిరావు.

ఇంటికి వెళ్ళేసరికి తెర ఒకవైపు నల్లగా ఉంది. రెండోవైపు అక్షరాలు ఉన్నాయి. "పది నుంచీ ఇదే రాస్తున్నాడండి" అంది సిసెల్.

"జెండాలు ఎక్కించారా?"

నేను మంచం పక్కన కూలబడ్డాను. "నేనే గుంజేశాన్రా, ఐగిల్. తెలియక గుంజేశాను. హోల్గర్‌గాడు నిన్ను అడగకుండా..."

వాడి కళ్ళు తెర మీద కదలడం మొదలుపెట్టాయి. ఒక్కో అక్షరానికి ఎంత సమయం పడుతుందో ఆ రోజే నాకు సరిగ్గా తెలిసింది.

"అడిగాడు. నన్ను. కెమెరా నాది."

"నీకూ వాడికీ ఎప్పటి నుంచి?"

"ప్రతి శుక్రవారం వాడి జాబితా ఈ తెర మీదే చదువుతాను. లింకు నేనే పంపాను. పేరు వెయ్యొద్దన్నాను. నీకు తెలిస్తే ఆపేస్తావని."

"మరి ఎవర్నీ రానివ్వొద్దని నువ్వే కదరా అన్నావు? ఆ మాట పట్టుకునే కదా నేను ఊరందరితో తగాదా పెట్టుకున్నది!"

"నన్ను చూడొద్దన్నాను. నేను ఒంటరిగా చూస్తానని అనలేదు. రెండేళ్ళు ఆ అంకె ఒకటి, అక్కా. ఆ ఒకటి నేనే."

తర్వాత వాడు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఇక వాడితో మాట్లాడటానికి వేరే దారి లేదు. ఆ శనివారం సాయంత్రం దాకా వాడు తెరవలేదు.

ఆ సాయంత్రమే హోల్గర్ ఇంటికి వెళ్ళాను. ఈసారి తలుపు బాదలేదు, వేలితో తట్టాను. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ నిండా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కార్డులు. పదమూడేళ్ళుగా వాడి జాబితా చదివినవాళ్ళు పంపినవి. నా పెట్టె అప్పటికే బల్ల మీద విప్పి ఉంది. ఫోనులో టాలిన్‌లో ఉన్న ఎవరో పాఠకుడితో మాట్లాడుతూ దాని లోపలి ముక్క మారుస్తున్నాడు. మంగళవారం బొమ్మని సాఫీగా ఆడించింది కూడా ఆ టాలిన్ మనిషేనట.

"బుధవారం హాల్లో చెప్పొచ్చుగా," అన్నాను. "ఐగిలే పంపాడని ఒక్క ముక్క చెప్తే నేను నోరు మూసుకునేదాన్ని."

"పేరు వెయ్యొద్దన్నాడు కదా."

"ఊరంతా నిన్ను వెలివేసినట్టు చేస్తే కూడానా?"

"పేరు వెయ్యొద్దన్నాడు," అన్నాడు మళ్ళీ, స్క్రూ తిప్పుతూ. "జెండాల సంగతి మాత్రం నిన్న రాశాడు. ఊరివాళ్ళకి చెప్పొచ్చన్నాడు. నీకు తప్ప."

"తిట్టరా నన్ను. ఒక్క మాట తిట్టు."

"నాకు రాదు, గుడ్రున్. ఎవరైనా చేసింది ఇంకొకళ్ళకి చూపించడమే నాకొచ్చిన విద్య."

చూశారా, అందుకే వాడంటే నాకు పడనిది. తిడితే నేనూ రెండు అని తేలికపడేదాన్ని.

సోమవారం పొద్దున్నే కెమెరా మళ్ళీ మేకుకి ఎక్కింది. నేనే ఎక్కించాను, ఐగిల్‌ని అడిగి. వాన పడుతోంది. పనిరోజు కాబట్టి గట్టు మీదకి పదిమంది కూడా రాలేదు. గుడ్డ శనివారం గాలికే చిరిగిపోయింది. పడవలు నాలుగే తిరిగొచ్చాయి, జెండాలు తడిసి కర్రలకి అంటుకుపోయాయి. కెల్డ్ కూత వేశాడు. డోర్తె, ఇంకో ఇద్దరు పాడారు, వానలో సగం వినబడలేదు.

"చెయ్యి ఊపవే," అన్నాడు హోల్గర్. "చూస్తున్నాడు."

చెయ్యి ఊపడం నాకు చేతకాదు. ఐస్ కొట్టు కిటికీ కింద నిలబడి, ఆ గాజు కంటి వెనక ఉన్న మనిషికి ఏ మొహం పెట్టుకుని చెయ్యి ఊపను? కెల్డ్ పడవలోంచి హెర్రింగుల పెట్టె ఒకటి గట్టు మీదకి లాగాను. వాడి ఏప్రన్ లాక్కుని కట్టుకున్నాను. తడి జుట్టు నెత్తి మీద ముడి వేసుకున్నాను. కత్తి అందుకున్నాను.

హోల్గర్ జేబులోకి చెయ్యి పోనిచ్చి ఆగిపోయాడు. "తియ్యనా?"

"అడిగావు కాబట్టి చెప్తున్నాను. తీస్తే ఈ కత్తి నీ పొట్టలో దిగుతుంది. గడియారం చూడు, ఒక్క నిమిషం."

"కెమెరాలో పదకొండు వేల మంది చూస్తున్నారే, గుడ్రున్."

"ఉండనీ. మొదలుపెట్టమని చెప్పు."

చెప్పాడు. వేళ్ళు చలికి కొయ్యల్లా ఉన్నాయి. పదకొండేళ్ళయింది నేను అట్లా కోసి. ముల్లు ఒకవైపు, కండ ఒకవైపు. కింద చూస్తూ కోశాను, ఒక్కసారి కూడా తల ఎత్తలేదు, ఎత్తితే చెయ్యి ఆగిపోతుందని. పాడేవాళ్ళు పాట ఆపేశారు. హోల్గర్ "అయిపోయింది" అన్నాక కూడా ఇంకో రెండు కోసి కత్తి కింద పెట్టాను.

వాడికి థ్యాంక్స్ చెప్పలేదు. ఆ శుక్రవారం ఏడో లింకు మళ్ళీ మా కెమెరానే, కింద చిన్న అక్షరాల్లో ఐగిల్ పేరు. దానికి కూడా చెప్పలేదు.

సోమవారం ఇంటికి వచ్చి, చేపల వాసనతోనే, ఏప్రన్ కూడా విప్పకుండా గదిలోకి వెళ్ళాను. ఐగిల్ కళ్ళు తెరిచే ఉన్నాయి, తడిగా ఉన్నాయి. ఈసారి ఏ రకం కన్నీరో నేను ఊహించలేదు, తెర చదివాను.

"ఎనిమిదే. ముసలిదానివైపోయావు, అక్కా."

నాలుగో చేప చేతిలోంచి జారింది, దాన్ని కూడా కలపాలి అన్నాను. వాడు ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా దాని గురించే దెబ్బలాడుకున్నాం.